మూడో ఫైర్‌వాల్

గౌరునాయుడికి ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదనిపించింది. అతని చిక్కల్లా అదే.

హైదరాబాదులో తొమ్మిదేళ్లు పనిచేశాడు. పెద్ద పెద్ద సంస్థల సర్వర్లకు కాపలా కాసిన చేతులవి. ముప్పై రెండో ఏట, ఎవరూ పొమ్మనకుండానే ఉద్యోగం మానేసి, అరకు కొండల కింద ఉన్న ఆశ్రమానికి వచ్చి తెల్లబట్ట కట్టాడు. వంటశాలలో కూరలు తరిగాడు, మెట్లు కడిగాడు, కాళ్లు తిమ్మిరెక్కేదాకా ధ్యానంలో కూర్చున్నాడు. అన్నీ బుద్ధిగానే చేశాడు. కాని మనసు నిలిచింది మాత్రం ఆసుపత్రి మేడమీది చిన్న గదిలో, సర్వర్ల ముందు.

ఆశ్రమానికి కొండ కింద నూరు మంచాల ఆసుపత్రి ఉంది. కొండల మీద ఏడు చిన్న వైద్యశాలలున్నాయి. పైన తీసిన ఎక్స్‌రే కిందికి రావాలి. కింది డాక్టరు మాట పైకి పోవాలి. రోగుల వివరాలు కొన్ని ఆసుపత్రి సొంత సర్వర్లలో ఉంటాయి, కొన్ని క్లౌడ్‌లో, అంటే ఎక్కడో దూరాన మరొకరు నడిపే సర్వర్లలో ఉంటాయి. ఈ రాకపోకలన్నీ చూసుకునేది విశుద్ధ మాతాజీ.

మాతాజీకి అరవై తొమ్మిదేళ్లు. సన్యాసం పుచ్చుకోకముందు ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఇంజనీరుగా చేసింది. కాషాయం కట్టినా సంచీలో స్క్రూడ్రైవరు మాత్రం మానలేదని నర్సులు నవ్వుకుంటారు. మాట తక్కువ మనిషి. గౌరునాయుడికి ఆమే గురువు. ధ్యానానికీ ఆమే, సర్వర్లకీ ఆమే.

ఆసుపత్రికి ఒక పాత ఫైర్‌వాల్ ఉండేది. లోపలికి వచ్చేదాన్నీ బయటికి పోయేదాన్నీ గుమ్మం దగ్గర ఆపి చూసి వదిలే ఇనప పెట్టె. పన్నెండేళ్లు పనిచేసి వేసవిలో మూలబడింది. అప్పుడు ఒక కంపెనీవాళ్లు సేవగా పది కొత్త ఫైర్‌వాల్‌లకు లైసెన్సులు ఇచ్చారు. ఇవి పెట్టెలు కావు. సర్వరు లోపలే ప్రోగ్రాములుగా పుడతాయి. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టించుకోవచ్చు. ఒకటే షరతు. పుట్టిన ప్రతిదీ కంపెనీకి కబురుపెట్టి తన పేరున ఒక లైసెన్సు రాయించుకోవాలి. మొత్తం పది.

ఆసుపత్రి సర్వర్లలో రెండు, క్లౌడ్‌లో రెండు నిలబెట్టాడు గౌరునాయుడు. అక్కడితో ఆగలేదు. బుధవారం, శనివారం ఓపీ రోజులు, జనం విరగబడతారు. ఆ రోజుల్లో రద్దీ పెరిగితే క్లౌడ్‌లో మూడో ఫైర్‌వాల్ దానంతటదే పుట్టేట్టు, రద్దీ తగ్గాక దానంతటదే పోయేట్టు ఒక ప్రోగ్రాము రాశాడు. లైసెన్సు రాయించుకోవడం కూడా ప్రోగ్రామే చేస్తుంది. మనిషి వేలు పెట్టనక్కర్లేదు.

ఒక సోమవారం పొద్దున మాతాజీని కూర్చోబెట్టి చూపించాడు. ఉత్తుత్తి రద్దీ సృష్టించాడు. తెరమీద రెండు పచ్చదీపాల పక్కన మూడోది వెలిగింది.

"నాలుగు నిమిషాలు మాతాజీ. పాత పెట్టె రోజుల్లో నాలుగు వారాలు పట్టేది."

మాతాజీ తల ఊపింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"బాగుంది నాయనా."

ఆ మాటతో గౌరునాయుడి గుండె నిండిపోయింది. నిండిన గుండె ఊరుకోదు కదా.

"ఇంక నేను నేర్చుకోవలసింది ఏముంది మాతాజీ?" అన్నాడు.

ఆమె మూడో పచ్చదీపం కేసి చూస్తూ, "పుట్టడం చూపించావు. పోవడం చూపించు" అంది.

గౌరునాయుడు నవ్వాడు. వెటకారం కాదు. చేతనైనవాడి నవ్వు. "పోవడంలో ఏముంది మాతాజీ, ఒక్క నొక్కు" అని నొక్కాడు. మూడో దీపం మాయమైంది.

"ఇంతేనా?"

"ఇంతే."

మాతాజీ మరికాసేపు తెర చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. సంచీ భుజాన వేసుకుని వార్డు వైపు వెళ్లిపోయింది.

ఆ బుధవారం మూడో ఫైర్‌వాల్ పుట్టింది, పోయింది. శనివారం పుట్టింది, పోయింది. తర్వాతి వారమూ అంతే. ఆ పై బుధవారమూ అంతే. గౌరునాయుడు కిటికీ దగ్గర నిలబడి కింద చెప్పుల వరసలు, గొడుగులు, మోసుకొచ్చిన ముసలివాళ్లను చూసి, వీళ్లందరి కాగితాలూ తన గుమ్మంలోంచే సాఫీగా సాగిపోతున్నాయని అనుకునేవాడు. అనుకోవడంలో అబద్ధం లేదు.

శనివారం వచ్చింది. పదిన్నర దాటింది. ఫోను మోగింది. కింద గదిలోంచి డాక్టర్ ఇందుమతి. ఎముకల కేసులు, ప్రమాదం కేసులు చూసేది ఆవిడే.

"నాయుడు గారూ, జీలుగుపాడు నుంచి ఎక్స్‌రే రావాలి. ఇరవై నిమిషాల కిందట పంపానంటున్నాడు తిమోతి. ఇక్కడికి రాలేదు."

జీలుగుపాడు పై కొండల్లో చివరి వైద్యశాల. తిమోతి అక్కడి డాక్టరు, చదువు పూర్తయి ఏడాదైనా కాలేదు. పొద్దున్నే కల్లు కోసం జీలుగు చెట్టెక్కినవాడు ఒకడు జారిపడ్డాడు. ఎడమ పక్కటెముకలు విరిగాయి. ఊపిరి అందడం లేదు. విరిగిన ఎముక లోపల ఏం చేసిందో చూస్తేగాని తెలీదు. రొమ్ములోకి గొట్టం అక్కడే వెయ్యాలా, జీపులో కిందికి దింపాలా? దింపితే ఘాట్‌రోడ్డులో రెండు గంటలు. ఆ నిర్ణయం ఇందుమతి చెప్పాలి. పైన సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. ఉన్నవి ఒక తీగ ఫోను, ఒక ఇంటర్నెట్ లైను.

గౌరునాయుడు తెర చూశాడు. అన్నీ పచ్చదీపాలే. మూడో ఫైర్‌వాల్ కూడా తొమ్మిదిన్నరకే పుట్టి ఉంది.

"ఇక్కడంతా సవ్యంగానే ఉంది డాక్టరు గారూ. వాళ్ల వైపే ఏదో..."

"వాళ్ల వైపు ఒక మనిషికి ఊపిరాడటం లేదు" అంది ఇందుమతి. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఫోను పెట్టేసి ఆలోచించాడు. రద్దీ. ఇవాళ జనం మరీ ఎక్కువ. మూడు చాలడం లేదేమో. నాలుగోదాన్ని పుట్టించమని ప్రోగ్రాముకు చెప్పాడు. నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. నాలుగో దీపం పచ్చగా వెలిగింది.

ఎక్స్‌రే రాలేదు. పైగా మందుల కౌంటరు నుంచి ఫోను, చీటీలు రావడం లేదని. రక్తపరీక్షల గది నుంచి ఫోను, తెరలు తిరుగుతూనే ఉన్నాయని. నాలుగోది పుట్టాక పరిస్థితి ఇంకా దిగజారింది. అదెలా సాధ్యమో అతనికి అంతుపట్టలేదు. తొమ్మిదేళ్లలో అంతుపట్టనిది అంటూ ఒకటి అతని ముందుకు రాలేదు.

మాతాజీ ఎప్పుడొచ్చిందో, వెనకాల నిలబడి ఉంది. ఏమైందని అడగలేదు. పచ్చదీపాలు చూడలేదు. ప్రతి ఫైర్‌వాల్ లోంచి ఎంత సమాచారం పోతోందో చెప్పే అంకెలు కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వంగి అవి చదివింది. మొదటిదాని కింద వేలల్లో ఉంది. రెండోదాని కింద వేలల్లో ఉంది. మూడోదాని మీద వేలు పెట్టింది.

"ఇది ఏం చేస్తోంది?"

"నడుస్తోంది మాతాజీ."

"నడుస్తోంది. ఏం చేస్తోంది?"

అతను అప్పుడు అంకె చూశాడు. పదకొండు. నాలుగోదాని కింద తొమ్మిది.

గబగబా మూడోదాన్ని తెరిచాడు. లోపల, పేజీ అడుగున, ఒక్క ముక్క రాసి ఉంది. లైసెన్సు లేదు.

లైసెన్సు లేని ఫైర్‌వాల్ చావదు. పచ్చగానే ఉంటుంది. వచ్చినదాన్నల్లా పుచ్చుకుంటుంది. కాని చుక్క చుక్కగా మాత్రమే వదులుతుంది. ఈ సంగతి గౌరునాయుడు ఎప్పుడో చదివినదే. క్లౌడ్‌కు వచ్చేవాటిలో మూడోవంతు ఆ ఒక్కదాని గుమ్మంలోకి పోయి ఇరుక్కున్నాయి. నాలుగోది పుట్టాక సగం ఇరుక్కున్నాయి. ఆ సగంలో ఎక్కడో ఒక మనిషి పక్కటెముకలున్నాయి.

"ఆ రెండింటినీ పక్కన పెట్టు" అంది మాతాజీ.

"మిగిలేది రెండే మాతాజీ. ఇంత రద్దీకి..."

"మోస్తాయి. నెమ్మదిగా మోస్తాయి."

అతను మూడోదాన్నీ నాలుగోదాన్నీ వరసలోంచి తప్పించాడు. ఉన్న రెండింటి అంకెలూ పైకెగబాకాయి. బరువు మోయలేక ఆ రెండూ ఆగుతాయనుకున్నాడు. ఆగలేదు. మాతాజీ ఫోను తీసి జీలుగుపాడుకు తనే కలిపింది. "తిమోతీ, మళ్లీ పంపు నాయనా. ఒక్కసారి పంపి వదిలెయ్యి. మళ్లీ మళ్లీ నొక్కకు."

రెండు నిమిషాలు కాకుండానే కింద గది తలుపు తీసిన చప్పుడు, ఇందుమతి గొంతు మెట్లమీంచి వినిపించాయి. "వచ్చింది. తిమోతీని లైన్లోనే ఉంచండి."

గొట్టం అక్కడే వెయ్యమంది. ఎక్కడ కొయ్యాలో, ఎంత లోతు పోవాలో, చెయ్యి వణికితే ఏం చెయ్యాలో ఫోనులో ఒక్కొక్క మాటా చెప్పింది. గౌరునాయుడు మెట్లమీద నిలబడి విన్నాడు. అవతలి మాటలు వినబడవు. ఇందుమతి "ఊ" అన్నప్పుడల్లా అతనూ ఊపిరి తీసుకున్నాడు. చివరికి ఆవిడ, "గాలి బుడగలొస్తున్నాయా? మంచిది. ఇప్పుడు అతని ముఖం చూసి చెప్పు, రంగెలా ఉంది" అంది. విని, కుర్చీలో వెనక్కి వాలింది.

సాయంత్రం నాలుగింటికి జీపు దిగింది. మనిషి పేరు కొర్రా భీమన్న. నలభై ఏళ్లుంటాయి. పక్కన సీసాలోకి గొట్టం. గౌరునాయుడు స్ట్రెచరు ఒక కొస పట్టుకున్నాడు. భీమన్న కళ్లు తెరిచి, "నువ్వు డాక్టరువా బాబూ?" అన్నాడు.

"కాదు."

"మరెవరివి?"

గౌరునాయుడు అతని దుప్పటి సర్దాడు.

మర్నాడు ఆదివారం. ఓపీ లేదు. గదిలో గురువూ శిష్యుడూ ఇద్దరే. లైసెన్సు కంపెనీవాళ్ల పేజీ తెరిచి ఉంది. పదికి పది వాడుకలో ఉన్నట్టు చూపిస్తోంది.

"కంపెనీకి రాస్తాను మాతాజీ. ఇంకో పది ఇస్తారు. మంచివాళ్లు, కాదనరు."

"ఇప్పుడు బతికున్నవి ఎన్ని?"

"నాలుగు. ఆసుపత్రిలో రెండు, క్లౌడ్‌లో రెండు."

"ఇచ్చినవి?"

"పది."

"మరి ఆరు ఎక్కడున్నాయి?"

గౌరునాయుడు వేళ్లు మడిచాడు. మొదటి సోమవారం చూపించడానికి పుట్టించినది ఒకటి. రెండు వారాలు బుధ, శనివారాలు నాలుగు. మొన్నటి బుధవారం ఒకటి. పుట్టినప్పుడల్లా ప్రోగ్రాము లైసెన్సు రాయించింది. తీసేసినప్పుడు ఒక్కటీ వెనక్కి ఇవ్వలేదు. ఇమ్మని అతను రాయలేదు. పోయినవి పోతూ పోతూ తమ పేరున ఉన్నదాన్ని పట్టుకునే పోయాయి. ఏడోది వచ్చేసరికి చెయ్యి చాస్తే ఏమీ లేదు.

తెర మీంచి ఆమె వైపు తిరిగాడు.

"మీకు ముందే తెలుసా మాతాజీ?"

"తెలీదు. తెలీకే అడిగాను. నువ్వు నవ్వావు. నీ నవ్వు చూసి నేను ఊరుకున్నాను." కళ్లజోడు తీసి, "అది నా తప్పు" అంది.

ఆమె అంతమాట అంటుందని అతను అనుకోలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఆరు లైసెన్సులూ ఒక్కొక్కటిగా చేత్తోనే విడిపించమంది. ప్రతిదానికీ పేజీ అడిగింది, దాని పేరేమిటి, ఎప్పుడు తీసేశారు, ఎందుకు తీసేశారు. పేర్లు అతను పెట్టినవి కావు. ప్రోగ్రాము పెట్టిన పొడుగాటి అంకెలు. పాత చిట్టాలు తవ్వి ఏది ఏ రోజుదో పోల్చుకోవలసి వచ్చింది. బుధవారందాన్ని శనివారందని రాసి, తప్పు తెలిసి మళ్లీ రాశాడు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేవేళకు పేజీ మీద ఆరు ఖాళీ కనబడింది.

"తిని రా" అంది మాతాజీ. "వచ్చాక ఒకదాన్ని పుట్టిద్దువుగాని. ప్రోగ్రాముతో కాదు. చేత్తో."

తిని వచ్చి పుట్టించాడు. అది లైసెన్సు రాయించుకుంది. ఖాళీ ఐదైంది. దాన్ని వరసలో కలిపారు. వార్డుల నుంచి, పరీక్షల గది నుంచి వచ్చేవి దాని గుండా కూడా సాగాయి. అంకెలు పెరిగాయి.

"ఇప్పుడు తీసెయ్యి."

గౌరునాయుడు ముందు లైసెన్సు వెనక్కి ఇచ్చే చోటికి మౌసు జరిపాడు. పాఠం వచ్చేసిందనే అనుకున్నాడు. నొక్కబోయే లోపల మాతాజీ తన అరచెయ్యి అతని చెయ్యిమీద పెట్టింది.

తేలికైన చెయ్యి. ఎండిన ఆకులా ఉంది. నొక్కి పట్టలేదు, ఊరికే పెట్టింది.

అతను ఆగాడు. ఏం తప్పు చేశానని వెతికాడు. ఇవ్వడమే కదా ఇప్పుడు చెయ్యాల్సింది. చెయ్యి లేవలేదు. మళ్లీ తెర చూశాడు. ఫైర్‌వాల్ లోపల ఇంకా ముప్పై ఒక్క కనెక్షన్లున్నాయి. ఎవరిదో రక్తపరీక్ష, ఎవరిదో మందుల చీటీ, భీమన్నకు ఆ పూట తీసిన రెండో ఎక్స్‌రే. ఇవి దాటక ముందే లైసెన్సు తీసేసుకుంటే మధ్యలో ఉన్నవి మధ్యలోనే.

కొత్తవి దాని దగ్గరికి రాకుండా మళ్లించాడు. ఉన్నవి పోనిచ్చాడు. ముప్పై ఒకటి పంతొమ్మిదైంది. ఏడైంది. రెండు దగ్గర చాలాసేపు నిలిచింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు. సున్నా అయింది.

చెయ్యి లేవలేదు.

ఇంక ఎవరూ లేరు కదా అని దాని తీగలు తెంపాడు, అంటే నెట్‌వర్క్ నుంచి విడదీశాడు. తర్వాత లైసెన్సు ఇచ్చెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. ఎర్ర అక్షరాలొచ్చాయి. కంపెనీ సర్వరు అందడం లేదు. దారి మూసేసి ఉత్తరం వెయ్యమన్నట్టుంది. తన మీద తనకే నవ్వొచ్చింది. ఈ నవ్వు వేరు. మళ్లీ కలిపాడు. లైసెన్సు ఇమ్మన్నాడు. ఇచ్చానని ఫైర్‌వాల్ చెప్పింది.

మౌసు తొలగింపు మీదికి పోయింది. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

ఇచ్చానని ఇది చెప్పింది. పుచ్చుకున్నానని వాళ్లు చెప్పారా? కంపెనీ పేజీ తెరిచాడు. ఖాళీ ఐదనే ఉంది. ఎదురుచూశాడు. పేజీ మళ్లీ తెరిచాడు. ఐదు. మూడోసారి తెరిస్తే ఆరు.

అప్పుడు ఫైర్‌వాల్‌ను తీసేశాడు. దీపం ఆరింది. ఆ ఆరడం మొదటి సోమవారంలాగే రెప్పపాటులో అయిపోయింది. చూసేవాళ్లకు తేడా ఏమీ తెలీదు.

మాతాజీ చెయ్యి తీసి, నీళ్ల చెంబు అందుకుంది.

రెండు రోజులు పట్టింది గౌరునాయుడికి ప్రోగ్రాము తిరగరాయడానికి. మళ్లించడం, ఎదురుచూడటం, ఇచ్చెయ్యడం, అందిందని రూఢి చేసుకోవడం, ఆ తర్వాతే తీసెయ్యడం. పుట్టేటప్పుడు కూడా లైసెన్సు చేతికి వచ్చిందని చూశాకే వరసలో నిలబెట్టడం, రాకపోతే నిలబెట్టకుండా గంట మోగించడం. తిరగరాసి, నలభైసార్లు పుట్టించి నలభైసార్లు తీసేశాడు. ప్రతిసారీ ఖాళీ ఆరుకే వచ్చి ఆగింది. ఒకసారి మధ్యలో కావాలని నెట్‌వర్క్ తెంపాడు. ప్రోగ్రాము తొందరపడలేదు. మళ్లీ కలిసేదాకా కాచుకుంది. మంగళవారం సాయంత్రానికి అతనికి ధైర్యం తిరిగొచ్చింది. మునుపటికంటే గట్టిదే వచ్చింది.

ఏదైనా తేడా వస్తే చేత్తో ఏం చెయ్యాలో కూడా రాసి మాతాజీకి ఇచ్చాడు. ఆమె చదివింది.

"ఇది ఎవరికి అర్థమవుతుంది?"

"నాకు. మీకు."

కాగితం తిరిగిచ్చేసింది.

అతను దాన్ని తెలుగులో రాశాడు. రాసి, రికార్డుల గదిలో పనిచేసే పైడితల్లి గారిని పిలిచాడు. యాభై ఏళ్లావిడ. ఇంటరు చదివింది. పదిహేనేళ్లుగా రోగుల ఫైళ్లు కంప్యూటర్లో ఎక్కిస్తోంది. ఫైర్‌వాల్ అన్న మాట వినడమే తప్ప దాని జోలికి పోలేదు.

"నాకెందుకు బాబూ ఇయ్యన్నీ?" అంది.

"చదివి, ఇందులో ఉన్నట్టు చెయ్యండమ్మా. నేను మాట్లాడను."

మూడో వాక్యం దగ్గర ఆవిడ ఆగిపోయింది. గౌరునాయుడు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆవిడ వేరేచోట నొక్కింది. అతను ఆ వాక్యం కొట్టేసి, వేరేగా రాసి ఇచ్చాడు. రెండోసారి ఆరో వాక్యం దగ్గర ఆగింది. అదీ మార్చాడు. గురువారం మూడుసార్లు, శుక్రవారం రెండుసార్లు చేయించాడు. శుక్రవారం రెండోసారి ఆవిడ కాగితం చూడకుండానే చేసి, చివర కంపెనీ పేజీ తెరిచి, "ఆరు వచ్చేక కదా తియ్యాలి, ఇంకా ఐదే ఉంది, ఉండండి" అని అతన్నే ఆపింది.

భీమన్న పన్నెండో రోజున ఇంటికి పోయాడు.

వానలు వెలిశాక ఆశ్రమం పెద్ద గుండెజబ్బుల శిబిరం పెట్టింది. ఏడు వైద్యశాలల నుంచీ జనం దిగారు. పొద్దున పదకొండింటికే పదకొండు వందల పేర్లు రాసుకున్నారు. ఆసుపత్రి ఏనాడూ అంత రద్దీ చూడలేదు. వరండాలు నిండి, వంటశాల వెనక రేకుల షెడ్డులో కూడా బెంచీలు వేశారు.

మాతాజీ ఆ షెడ్డులో వడ్డన చూస్తోంది. ఒంటిగంటన్నరకు గౌరునాయుడు అటొచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. రెండు మోకాళ్ల మీదా మట్టి. పొద్దుటినుంచి చక్రాల కుర్చీలు తోస్తున్నాడు. ఆ క్షణాన కూడా ఒక ముసలావిణ్ణి కుర్చీలోంచి ఎత్తి బెంచీమీద కూర్చోబెట్టి, ఆవిడ చేతికర్ర గోడకు ఆనించి, అప్పుడు తిరిగాడు.

"ఇవాళ ఎన్ని పుట్టాయి?" అని అడిగింది మాతాజీ.

"చూడలేదు మాతాజీ. పైడితల్లి గారు చూస్తున్నారు."

"నిన్ను పిలిచిందా?"

"లేదు."

మాతాజీ అతనికేసి చూసింది. వరసలో ఖాళీగా ఉన్న చోట ఒక విస్తరాకు వేసి, నీళ్లు చిలకరించింది.

"కూర్చో" అంది.